పల్లెలో కాటేజీ, పక్కనే పక్షులు: నేలపట్టు వెళ్లేముందు ఒకసారి ఇది చూడండి

ఈ రోజు టాపిక్ టూరే, కాకపోతే కొంచెం వేరే రకం. వీకెండ్ అంటే మనకి అరకు, ఊటీ, డబ్బులుంటే గోవా. ఈ మధ్య ఇంకోటి మొదలైంది. నలుగురు కలిసి ఊరి బయట తోటలో ఒక చిన్న కాటేజీ అద్దెకి తీసుకోవడం, రెండు రోజులు అక్కడే ఉండి దగ్గర్లోని పక్షుల చెరువు చూసి రావడం. మంచి ఐడియానే, నేనూ వెళ్లొచ్చాను. కాకపోతే అక్కడ ఏం చూస్తున్నామో తెలియకపోతే "తెల్ల కొంగలు చాలా ఉన్నాయిరా" అనుకుని వచ్చేస్తాం. ఇంకో సంగతి, మనం ఫోన్ పట్టుకుని చేసే హడావుడి వల్ల అక్కడ పక్షి పిల్లలు చచ్చిపోవచ్చు కూడా. ఎలాగో చెప్తాను.

ముందు ప్లేస్. నేను చెప్పేది నేలపట్టు, పులికాట్ వైపు. సూళ్లూరుపేట తెలుసు కదా, శ్రీహరికోటకి వెళ్లే దారి. చెన్నై నుంచి లోకల్ రైళ్లు కూడా వస్తాయి. అక్కడి నుంచి నెల్లూరు వైపు ఓ 20 కిలోమీటర్లు వస్తే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. పెద్ద అడవి అనుకోకండి. ఒక ఊరి చెరువు, చుట్టూ చిట్టడవి, కట్ట మీద వ్యూ టవర్లు, అంతే. కానీ ఆ చెరువు నీళ్లలో నిలబడి ఉన్న కడప చెట్లున్నాయి చూడండి, కథంతా వాటి మీదే.

అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలకి చెరువు నిండుతుంది. చెట్ల మొదళ్లు నీళ్లలో మునుగుతాయి. కుక్క, పిల్లి, నక్క ఏదీ ఈదుకుంటూ వెళ్లి ఆ చెట్టు ఎక్కదు. అందుకే గూడబాతులు వాటి మీద గూళ్లు కడతాయి. గూడబాతు అంటే పెలికాన్, ముక్కు కింద సంచి వేలాడుతుంటుంది కదా, అదే. ఆ సంచిలో చేపలు దాచుకుంటుందని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. నిజానికి అది వల లాంటిది. నీళ్లతో సహా చేపని ఎత్తుతుంది, నీళ్లు వదిలేస్తుంది, చేపని మింగేస్తుంది. పిల్లలకి పెట్టేది కూడా గొంతు లోపలి నుంచి తిరిగి తెచ్చి పెట్టేదే. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు కూడా అక్కడే కాపురం. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టుకుని లోపలి మాంసం లాగడానికి పనికొచ్చే ముక్కు అది. బైనాక్యులర్లో చూస్తే ఆ సందులోంచి వెనకాల ఆకాశం కనపడుతుంది, భలే ఉంటుంది.

ఇప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది. "ఇవి సైబీరియా నుంచి వచ్చాయి." ఇక్కడే కాదు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ ఇదే మాట వినపడుతుంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, అది చాలా బాగుంటుంది. కానీ ఈ గూడబాతు సైబీరియా పక్షి కాదండీ. ఇది మన ఇండియా, శ్రీలంక, కంబోడియా లాంటి చోట్లే పిల్లల్ని పెడుతుంది. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మన దగ్గర్లోనే తిరుగుతుంది. నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, సూదితోక బాతుల్లాంటివి. బార్ హెడెడ్ గూస్ అయితే హిమాలయాల మీదుగా ఎగిరి వస్తుంది. అవి ఇక్కడికి చలికాలం గడపడానికి వస్తాయి, గూడు కట్టవు. ఒక్క లాజిక్ గుర్తుంచుకోండి: ఎక్కడ పిల్లల్ని పెడుతుందో అదే దాని సొంతూరు. అలా చూస్తే గూడబాతు పక్కా లోకల్.

ఇది ఎందుకు ముఖ్యమంటే, "ఇక్కడ కాకపోతే సైబీరియాలో ఉంటాయిలే" అనుకోవడానికి లేదు. మన చెరువులు పోతే వాటికి ఇంకో ఇల్లు లేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో పెద్ద గూడబాతుల కాలనీ ఉందని 1946లో కె.కె.నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశోధకుడు గుర్తించారు. తర్వాతి రోజుల్లో ఆ కొల్లేరు ప్రాంతపు గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో మళ్లీ గూళ్లు కనపడుతున్నాయి, చెట్లు చాలక కృత్రిమ స్టాండ్లు కూడా పెట్టారు. అంటే పోయినవి తిరిగి రావచ్చు, కానీ అన్నేళ్లు పడుతుంది.

నేలపట్టు రైతులు వీటిని తరిమేయకపోవడానికి సెంటిమెంట్ ఒక్కటే కారణం కాదు. చెట్ల కింద పడే రెట్ట అంతా చెరువు నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లే పొలాలకి వెళ్తాయి. ఫ్రీగా ఎరువు అన్నమాట.

సరే, ఫోన్ సంగతికి వద్దాం. గూడబాతు గుడ్డు పొదగడానికి దాదాపు నెల పడుతుంది. పుట్టిన పిల్లకి ఒంటి మీద ఈక ఉండదు. ఎండ తగలకుండా తల్లో తండ్రో రెక్కల నీడ పట్టాలి. ఇప్పుడు మనవాడు రీల్ కోసం డ్రోన్ లేపాడనుకోండి, లేదా అవన్నీ ఒకేసారి ఎగిరితే షాట్ బాగుంటుందని చప్పట్లు కొట్టాడనుకోండి. పెద్దవన్నీ లేస్తాయి. షాట్ నిజంగానే అదిరిపోతుంది. ఆ కాసేపట్లో కాకులు వచ్చి గుడ్లు పొడిచేస్తాయి, పిల్లలు ఎండకి మాడతాయి, గూళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి తోపులాటలో కొన్ని కింద నీళ్లలో పడిపోతాయి. మన వీడియోలో అదేదీ కనపడదు. అభయారణ్యంలో పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసు అవుతుంది, అది వేరే విషయం. ఫోన్లో పక్షి కూత ప్లే చేసి దాన్ని దగ్గరికి పిలిచే పని కూడా వద్దు. శత్రువు వచ్చిందనుకుని పిల్లల్ని వదిలి వెతుక్కుంటూ తిరుగుతుంది పాపం.

మరి ఫోన్ దేనికి పనికొస్తుంది? చాలావాటికి. మెర్లిన్ అని ఒక ఫ్రీ యాప్ ఉంది, కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది. ఇండియా ప్యాక్ ఇంటి దగ్గర వైఫైలోనే దించుకోండి, పల్లెలో సిగ్నల్‌ని నమ్మలేం. ఫొటో ఇస్తే పక్షి పేరు చెప్తుంది, కూత వింటే కూడా గుర్తుపడుతుంది, అప్పుడప్పుడు తప్పు కూడా చెప్తుంది. జూమ్ మీద ఆశలు పెట్టుకోకండి. దానికన్నా నలుగురూ కలిసి ఒక బైనాక్యులర్ కొనుక్కోండి. 8x42 అని రాసి ఉంటే 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు లెన్స్ 42 మిల్లీమీటర్లని అర్థం. మొదటిసారి వాడేవాళ్లకి అది చాలు. దాని కంటి అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి తీయండి, ఫొటో ఎలా వస్తుందో చూడండి.

కాటేజీ బుక్ చేసేటప్పుడు స్విమ్మింగ్ పూల్ ఉందా అని కాదు, పొద్దున్నే అయిదున్నరకి గేటు తీస్తారా అని అడగండి. పక్షుల టైం అదే. ఎనిమిది దాటితే ఎండెక్కి సగం మాయం. మేం ఉన్న చోట పక్క కాటేజీ వాళ్లు అర్ధరాత్రి దాకా స్పీకర్ పెట్టారు, పొద్దున్న వాళ్లూ లేవలేదు, మమ్మల్నీ పడుకోనివ్వలేదు. నిజానికి వరండాలో టీ గ్లాసుతో కూర్చున్నా సగం లిస్టు అయిపోతుంది. బావి దగ్గర లకుముకి పిట్ట, కరెంటు తీగ మీద పాలపిట్ట, ఈతచెట్టుకి వేలాడే గిజిగాడి గూళ్లు, కంచెలో జెముడుకాకి.

రెండో రోజు పులికాట్‌కి పెట్టుకోండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. రోడ్డు పక్కన బండి ఆపుకుని ఫ్లెమింగోలని చూడొచ్చు. తల కిందులుగా పెట్టి నీళ్లని ముక్కుతో వడకట్టుకుంటాయి. ఆ గులాబీ రంగు తిండి నుంచి వచ్చిందే, నాచులో, చిన్న రొయ్యల్లాంటి జీవుల్లో ఉండే కెరోటినాయిడ్ల వల్ల. నీళ్లు మరీ లోతుగా ఉంటే ఇవి నిలబడలేవు. అందుకే పెద్ద వానల తర్వాత వెంటనే వెళ్తే దూరంగా గీతలా కనపడతాయి. డిసెంబరు చివర, జనవరి బెస్ట్. షార్ గేటు దాటి లోపలికి వెళ్లనివ్వరు, అక్కడ ఫొటోల విషయంలో జాగ్రత్త.

బయల్దేరే ముందు ఒకసారి అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేసి చెరువులో నీళ్లున్నాయా అని అడగండి. వాన పడని ఏడాది గూళ్లు పెద్దగా ఉండవు, అంత దూరం వెళ్లి ఖాళీ చెట్లు చూసి రావాలి. సరేనండీ, ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో తేలినీలాపురం చూద్దాం.