మన ఎండల్లో హరితగృహం ఎందుకు?

వేసవి సెలవుల్లో పిల్లలకు చూపదగిన వాటిలో జంతుప్రదర్శనశాల, నక్షత్రశాల, పురావస్తు ప్రదర్శనశాల అందరికీ తోచేవే గాని, కూరగాయలూ పూలూ పండించే హరితగృహం ఆ వరుసలో సాధారణంగా చేరదు. హరితగృహం అంటే కాంతిని లోనికి రానిచ్చి, గాలినీ వాననూ పురుగులనూ వీలైనంతవరకు బయటనే నిలిపే పారదర్శకమైన కప్పుగల మొక్కల ఇల్లు; కప్పు గాజుదైతే దాన్ని గాజుగృహమనీ, ప్లాస్టిక్ పొరదైతే పాలీహౌస్ అనీ, ఎండ తీవ్రతను కొంత తగ్గించే వలదైతే షేడ్‌నెట్ అనీ రైతులు పిలుస్తారు. అయిదారేళ్ళ వయసుగల బిడ్డ ఇటువంటి చోటికి వెళ్ళగానే వేసే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: బయట ఇంత ఎండగా ఉన్నప్పుడు మొక్కలకు మళ్ళీ ఇల్లెందుకు? పెద్దలు తేలికగా దాటవేసే ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికితే ఆనాటి సందర్శన ప్రయోజనం చాలావరకు నెరవేరినట్లే.

ఈ ఇల్లు మొదట పుట్టింది చలిని తప్పించుకోవడానికి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమ్‌ను పాలించిన తిబేరియస్ చక్రవర్తి ఏడాది పొడవునా దోసజాతి కాయలు కోరేవాడనీ, అందుకోసం తోటమాలులు చక్రాలపై అమర్చిన మళ్ళను ఎండలోకి జరుపుతూ, చలికాలంలో వాటిని పారదర్శకమైన రాతిపలకల చట్రాల కిందికి చేర్చేవారనీ ప్లినీ అనే రోమన్ రచయిత నమోదు చేశాడు. సూర్యకాంతి ఆ కప్పు గుండా లోనికి వెళ్ళి నేలనూ ఆకులనూ వేడెక్కిస్తుంది, నేలను తాకిన గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది, ఆరుబయట అయితే ఆ వేడిగాలి చెదిరిపోయి దాని స్థానంలోకి చల్లగాలి వస్తుంది. కప్పు ఉన్నచోట అది బయటికి పోలేక అక్కడే నిలిచిపోతుంది. గాజు ఉష్ణకిరణాలను అడ్డుకోవడం వల్లనే లోపల వేడి పెరుగుతుందని చాలాకాలం భావించారు. 1909లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆర్. డబ్ల్యూ. వుడ్ రెండు చిన్న పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు పలకను, మరొకదానికి ఉష్ణకిరణాలను సులభంగా పోనిచ్చే రాతిఉప్పు పలకను మూతగా పెట్టి ఎండలో ఉంచినప్పుడు రెండింటి ఉష్ణోగ్రతా దాదాపు సమానంగానే ఉంది. అంటే ఇటువంటి ఇంట్లో ప్రధానంగా బందీ అయ్యేది గాలి. పాలీహౌస్ కప్పు కింద నిలబడిన పిల్లవాడికి ఈ సంగతి చర్మానికే తెలుస్తుంది గనుక వేరే బొమ్మలతో పని లేదు.

తెలుగు ప్రాంతాల్లో ఇదే నిర్మాణం వేరొక అవసరానికి ఉపయోగపడుతోంది. ఇక్కడ చలి సమస్య కాదు. పూరేకులను చెడగొట్టే అకాల వర్షం, లేతమొక్కలను విరిచే ఈదురుగాలి, కాయ మీద మచ్చలు తెచ్చే తీక్ష్ణమైన ఎండ, అన్నిటికంటె ముఖ్యంగా రసం పీల్చే పురుగులు రైతును వేధించే సమస్యలు. అందుచేత మన పాలీహౌస్‌లో వేడిని దాచుకునే ఏర్పాట్ల కంటె వదిలించుకునే ఏర్పాట్లే ఎక్కువగా కనిపిస్తాయి: కప్పు శిఖరాన వేడిగాలి పోవడానికి విడిచిన సందు, పక్కల్లో పైకి చుట్టడానికి వీలైన తెరలు, సన్నని తుంపరలు చల్లే గొట్టాలు ఉంటాయి. కొన్నిచోట్ల ఒకవైపు గోడంతా తడిపిన అట్టలు, ఎదురుగోడకు పెద్ద ఫ్యాన్లు అమర్చి, తడి అట్టల గుండా వచ్చే గాలిని చల్లబరుస్తారు. ఇంట్లోని ఎయిర్ కూలర్ పనిచేసే సూత్రమే ఇది కాబట్టి పిల్లలు వెంటనే గుర్తుపడతారు. తెలంగాణ ఏర్పడిన తరువాత పాలీహౌస్‌లకు రాష్ట్రప్రభుత్వం 75 శాతం వరకు రాయితీ ఇవ్వడంతో హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి ప్రాంతాల్లో జెర్బెరా, చామంతి, రంగుల క్యాప్సికం, కీరా పండించే తోటలు వెలిశాయి. జీడిమెట్లలో ఉద్యానశాఖ నిర్వహించే కూరగాయలు, పూల శ్రేష్ఠతా కేంద్రం కూడా నగరానికి దగ్గరలోనిదే.

చిన్నపిల్లలకు చూపించవలసినవి గుమ్మం దగ్గరే మొదలవుతాయి. మంచి పాలీహౌస్‌కు రెండు తలుపులుంటాయి. మొదటిది మూసిన తరువాతే రెండోది తెరవాలన్న నియమం, ఆ రెండింటి మధ్య చిన్న గది, చెప్పులు తడుపుకోవడానికి మందునీటి తొట్టి పిల్లలకు ఆటగా తోచినా, టమాటాలో ఆకుముడత తెగులును వ్యాపింపజేసే తెల్లదోమా, చెప్పుల మట్టితో వచ్చే తెగుళ్ళూ లోపలికి రాకుండా కాపాడేవి అవే. పక్క గోడలకు బిగించిన, అంగుళం పొడవులో సుమారు 40 రంధ్రాలుండే వల కూడా తెల్లదోమను ఆపడానికే. లోపల వేలాడదీసిన పసుపుపచ్చని జిగురు అట్టల దగ్గర పిల్లలను కొంతసేపు నిలబెట్టడం మంచిది: తెల్లదోమా పేనుబంకా పసుపురంగుకు ఆకర్షితమవుతాయి, తామరపురుగులకు నీలం అట్టలు పెడతారు, ఏ అట్టకు ఏ పురుగు ఎన్ని అంటుకున్నాయో లెక్కపెట్టి రైతు తోట ఆరోగ్యాన్ని అంచనా కట్టుకుంటాడు. ఇటువంటి తోటలోకి పసుపురంగు దుస్తులతో వెళ్ళకూడదని చెబితే, ఎందుకో పిల్లలు తామే ఊహించగలుగుతారు.

కీరా వరుసలు మరింత లోతైన పాఠం చెబుతాయి. తేనెటీగలను కూడా వల ఆపేస్తుంది గనుక, పరాగసంపర్కం, అంటే పువ్వులోని పుప్పొడి కీలాగ్రానికి చేరడం, ఇక్కడ మామూలుగా జరగదు. అందుకని పుప్పొడితో పనిలేకుండా కాయగలిగిన కీరా రకాలనే పాలీహౌస్‌లో వేస్తారు. పొరపాటున తేనెటీగ చొరబడి పుప్పొడి మోసుకొచ్చినా కాయ ఆకారం చెడే ప్రమాదముంది. ఇంటికి తెచ్చిన కీరానూ, ఆరుబయట పండిన పచ్చదోసకాయనూ పక్కపక్కన కోసి చూపితే, ఒకదానిలో గట్టిపడని లేతగింజల జాడలు, మరొకదానిలో నిండుగింజలు కనిపిస్తాయి. దీనికి మించిన వృక్షశాస్త్రం ఆ వయసుకు అవసరం లేదు. టమాటా సంగతి వేరు: దాని పువ్వుకు తన పుప్పొడే చాలు గాని అది రాలడానికి కుదుపు కావాలి, గాలిలేని ఇంట్లో ఆ కుదుపును మనిషే ఇవ్వాలి. ఐరోపాలో ఇందుకోసం బంబుల్ బీ అనే బొద్దు తేనెటీగలను పెట్టెల్లో తెచ్చి వదులుతారు. ఎరుపు, పసుపు క్యాప్సికం కాయలు కూడా మొదట ఆకుపచ్చగానే ఉండి, రంగు తిరిగేదాకా మరికొన్ని వారాలు చెట్టునే ఉండవలసి వస్తుంది కాబట్టే వాటి ధర ఎక్కువని ఒకే మొక్కపై మూడు దశల కాయలను చూపి వివరించవచ్చు.

గాజుగృహాల చరిత్రలో పిల్లలకు నచ్చే ఘట్టం ఒకటుంది. దక్షిణ అమెరికాకు చెందిన విక్టోరియా జాతి మహాకలువను ఇంగ్లండ్‌లో మొదట పూయించిన చాట్స్‌వర్త్ ఎస్టేట్ ఉద్యానాధికారి జోసెఫ్ పాక్స్‌టన్, 1849లో దాని ఆకుమీద తన చిన్నకూతురు యానీని నిలబెట్టి, ఆకు మునగకపోవడాన్ని లోకానికి చూపాడు. బలమంతా ఆకు అడుగున అల్లుకున్న ఈనెల్లో ఉందని గ్రహించిన ఆయన, ఆ పోలికతోనే సన్నని ఇనుపచట్రాలపై గాజు పరిచే పద్ధతిని పెంపొందించి, 1851 లండన్ మహాప్రదర్శనకు క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజుభవనాన్ని రూపొందించాడు. దాని స్ఫూర్తితోనే బెంగళూరు లాల్‌బాగ్‌లో జాన్ కామెరాన్ పర్యవేక్షణ కాలంలో, 1889లో శంకుస్థాపన జరిగిన గాజుమందిరం లేచింది. అయితే లాల్‌బాగ్ గాజుమందిరం పక్కలు తెరచి ఉన్న ప్రదర్శనశాల మాత్రమేననీ, అక్కడ గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల పూల ప్రదర్శనల రద్దీలో పిల్లలకు కనిపించేవి ఎక్కువగా పెద్దల వీపులేననీ ముందుగా తెలుసుకుని మామూలు రోజున వెళ్ళడం మేలు. సింగపూర్ వెళ్ళే కుటుంబాలకు 2012లో ప్రారంభమైన గార్డెన్స్ బై ద బేలోని రెండు గాజు గోపురాలు తారసపడతాయి. భూమధ్యరేఖకు చేరువలో ఉండీ లోపల చల్లదనాన్ని నిలిపి, మధ్యధరా ప్రాంతపు మొక్కలనూ మేఘాలు కమ్మిన కొండల మొక్కలనూ పెంచే ఆ గోపురాలు హరితగృహపు తొలి ప్రయోజనాన్ని పూర్తిగా తలకిందులు చేశాయి.

ఇక జాగ్రత్తల విషయానికి వస్తే, వేసవిలో పాలీహౌస్‌కు ఉదయం తొమ్మిదిలోగా వెళ్ళి వచ్చేయడం అవసరం. ఆ తరువాత లోపలి వేడి, తేమ పిల్లలకు భరించరానివి. మందు ఎప్పుడు చల్లారో రైతును ముందే అడగాలి. చల్లిన తరువాత లోనికి వెళ్ళకూడని గడువు ఒక్కొక్క మందుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది, ఆ గడువు తీరకపోతే ప్రయాణం వాయిదా వేసుకోవడం తప్ప మార్గం లేదు. అరగంటకు మించి లోపల గడపనక్కరలేదు, శాస్త్రీయనామాలు వల్లెవేయించనక్కరలేదు. ఇంటికి వచ్చాక వెడల్పు మూతిగల గాజుసీసాలో తడిమట్టి, ఒక చిన్న ఫెర్న్ మొక్క పెట్టి మూత బిగించి, నేరుగా ఎండ తగలని వెలుగులో ఉంచితే, ఆకుల నుంచి వెలువడిన ఆవిరి గాజుకు అంటుకుని మళ్ళీ మట్టిలోకి దిగడం కొద్దిరోజుల్లోనే కనిపిస్తుంది. లండన్ వైద్యుడు నథానియెల్ వార్డ్ 1829లో ఒక చిమ్మెట ప్యూపాను మూసిన సీసాలో ఉంచితే అందులోని మట్టిలో ఫెర్న్ మొలవడం చూసి రూపొందించిన గాజుపెట్టెల్లోనే, తరువాత మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కలను భారతదేశానికి పంపాడు.

పాలీహౌస్ రైతుకు సందర్శకులంటే భయం సహజం, ఎందుకంటే తెరిచి వదిలిన ఒక్క తలుపు పంటకంతటికీ తెగులు తేగలదు. కాబట్టి ఆ భారం రైతులపై మోపకుండా, రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యానశాఖలు తమ కేంద్రాల్లో సెలవు నెలల్లో వారానికి ఒక ఉదయాన్ని ముందుగా పేరు నమోదు చేసుకున్న పిల్లలకు కేటాయించి, మందు చల్లే రోజులను దానికి అనుగుణంగా మార్చుకుని, పంట తెలిసిన సిబ్బందిలో ఒకరిని వారి వెంట ఉంచాలి.