బాణీ కట్టాడు సరే... వినేదెవరు?

హోసూరులో మేం పాఠాలు చెప్పే తెలుగు బడిలో రెండేళ్ల కిందట జరిగిన సంగతి. వార్షికోత్సవంలో కోలాటానికి పదో తరగతి కుర్రాడొకడు సొంతంగా బాణీ కట్టాడు. డప్పు మోత, దానిమీద కీబోర్డు, అంతా ఫోన్‌లోనే తయారుచేశాడు. చప్పట్లు మోగిపోయాయి. నెల తిరిగేసరికి అదే బాణీ ఊళ్లో ఓ దుకాణం ప్రకటనలో వినిపించింది. పేరు లేదు, పైసా లేదు. అడిగితే, ‘వాట్సాప్‌లో వచ్చింది, వాడుకున్నాం’ అన్నారు.

ఆ మర్నాడు తండ్రి బడికి వచ్చారు. ‘సార్, వీడు ఎంతసేపూ ఈ పాటలే. మానమంటే మానడు. పోనీ అటే వెళ్లనిద్దామంటే దారి ఎటో తెలియదు’ అన్నారు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత విచారించి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

సినిమాకు నిర్మాత అంటే డబ్బు పెట్టేవారు. మ్యూజిక్ ప్రొడ్యూసర్ పని వేరు. పాటకు ఏ వాయిద్యాలు వాడాలో ఎంచి, వాయించో వాయింపించో రికార్డు చేసి, వినడానికి సిద్ధమైన రూపంలోకి తెచ్చేవారు వీరు. మన సినిమాల్లో ప్రోగ్రామర్, అరేంజర్ అని పిలిచేవారు చేసేదీ చాలావరకు ఈ పనే.

పెద్దవాళ్లు ఎలా వెళ్లారు?

ఏఆర్ రెహమాన్ చిన్న వయసులోనే చెన్నైలో కీబోర్డు వాయించడం మొదలుపెట్టారు. ఇళయరాజా దగ్గర, మన రాజ్-కోటి దగ్గర పనిచేశారు. ప్రకటనలకు జింగిల్స్ కట్టారు. 1989లో ఇంటి ఆవరణలోనే స్టూడియో పెట్టుకున్నారు. ‘రోజా’ వచ్చింది 1992లో. కీరవాణి చక్రవర్తి దగ్గర, తమన్ మణిశర్మ దగ్గర పని నేర్చుకున్నవారే. వీళ్లెవరికీ మొదటి అవకాశం పెద్ద నిర్మాత తలుపు తట్టగానే రాలేదు. ముందు తోటి సంగీతకారులకు వీళ్ల పని తెలిసింది. వాళ్ల నోటిమాటే వీళ్లను ముందుకు నడిపింది.

కాబట్టి మొదట వెతకాల్సింది దగ్గరివాళ్లనే. పొట్టి సినిమాలు తీసే కాలేజీ కుర్రాళ్లు, నాటక సమాజాలు, నృత్య గురువులు, సొంత పాట పాడుకోవాలనుకునే గాయకులు, ప్రకటనలు చేసే చిన్న సంస్థలు... వీళ్లందరికీ సంగీతం కావాలి, పెద్దవాళ్లకు ఇచ్చేంత డబ్బు ఉండదు. ఇలాంటి పనులు నాలుగు చేస్తే నలుగురికి తెలుస్తుంది.

ఇక్కడ మన పిల్లలకో సౌకర్యం ఉంది. బళ్లారి పిల్లవాడికి కన్నడ పాట, బరంపురం పిల్లకు ఒడియా పాట, షోలాపూర్ పిల్లవాడికి మరాఠీ పాట చెవిలో పడుతూనే ఉంటాయి. రెండు భాషల్లో మాట ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ సాగుతుందో వాళ్లకు తెలుసు. ఒకే సినిమా నాలుగు భాషల్లో విడుదలవుతున్న రోజులివి. తెలుగు పాటను తమిళంలోకో కన్నడంలోకో మార్చేటప్పుడు ఆ తేడా పట్టుకునే చెవి అవసరం. పరిచయం చేసుకునేటప్పుడు ఈ మాట ముందే చెప్పుకోవాలి.

ఏం పంపాలి?

పిల్లల దగ్గర సగంలో ఆపేసిన బాణీలు యాభై ఉంటాయి. పూర్తయినవి మూడు చాలు. మూడూ ఒకే తీరులో ఉండకూడదు. ఒకటి పాట, ఒకటి ప్రకటనకు సరిపోయే అర నిమిషం ముక్క, ఒకటి సన్నివేశానికి నేపథ్య సంగీతం అనుకోండి. పని ఒత్తిడిలో ఉన్నవారు చివరిదాకా వింటారన్న నమ్మకం లేదు. అందుకే బాగున్న భాగం మొదటి ఇరవై సెకన్లలోనే రావాలి.

లేఖ అయిదారు వాక్యాలు దాటనక్కర్లేదు. నేనెవరు, ఏ ఊరు, ఏం చేయగలను, మీ ఫలానా పనిలో నాకు నచ్చిందేమిటి, వినడానికి లింకు, ఫోన్ నంబరు. అంతే. బరువైన ఫైళ్లు జతచేయకూడదు. నొక్కగానే మోగే లింకు ఇవ్వాలి. ఒకే లేఖను వందమందికి పంపితే చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది. పదిమందికి పది లేఖలు రాయడమే మేలు. జవాబు రాకపోతే రెండు, మూడు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయవచ్చు. మళ్లీ కొత్త బాణీ తయారయ్యాకే.

పాటను తామే విడుదల చేసుకునే వీలూ ఉంది. డిజిటల్ పంపిణీ సంస్థల ద్వారా స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ లాంటి వాటిలో పెట్టవచ్చు. ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాంకెల గుర్తింపు ఉంటుంది. స్పాటిఫైలో ప్లేలిస్టుల సంపాదకులకు పాటను నివేదించాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందే ఆ పని చేయాలి. విడుదలయ్యాక చేద్దామంటే కుదరదు.

పేరు పోకుండా...

మా విద్యార్థి విషయంలో పొరపాటు జరిగింది ఇక్కడే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ కట్టి నమోదుచేసిన క్షణం నుంచే హక్కు కట్టినవారిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది. ఫైలును ఎవరికైనా పంపేముందు అందులో పేరు, తేదీ, ఫోన్ నంబరు చేర్చాలి. అసలు ప్రాజెక్టు ఫైలును భద్రంగా దాచుకోవాలి. వాట్సాప్ గుంపుల్లో పూర్తి పాట బదులు చిన్న ముక్క పెట్టాలి.

హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో చేయాలి. ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. 2012 సవరణ తర్వాత పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో వాటా పొందే హక్కు గట్టిపడింది. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. బాణీలు బయటికి వెళ్లడం మొదలయ్యాక అందులో సభ్యత్వం గురించి ఆలోచించాలి.

తల్లిదండ్రులు మరచిపోకూడనిది ఒకటుంది. 18 ఏళ్లు నిండని పిల్లలు చేసుకున్న ఒప్పందం చెల్లదు. పిల్లవాడు ఏదైనా కాగితం తెస్తే మీరు చదవాలి, అర్థంకాకపోతే వకీలుకు చూపించాలి. అవకాశం ఇప్పిస్తామంటూ ముందుగా డబ్బు అడిగేవారిని గుమ్మంలోనే ఆపేయండి. పని చేయించుకునేవారు డబ్బు ఇస్తారు, అడగరు. ఖరీదైన కీబోర్డు కోసం అప్పు చేయాల్సిన పనీ లేదు. బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్‌లు ఫోన్‌లోనే పనిచేస్తాయి. మొదటి మూడు బాణీలకు ఒక ఫోను, ఓ మోస్తరు హెడ్‌ఫోన్లు సరిపోతాయి.

బడి చేయగలిగింది

చదువు మానుకోమని మేం ఎవరికీ చెప్పం. ఈ రంగంలో సంపాదన నిలకడగా రావడానికి ఏళ్లు పట్టవచ్చు, అప్పటిదాకా చేతిలో ఒక డిగ్రీ ఉండటం మంచిదే. బడి వైపు నుంచి మాత్రం మేమొక చిన్న మార్పు చేసుకున్నాం. ఇప్పుడు మా వార్షికోత్సవం కార్యక్రమ పత్రంలో ప్రతి నృత్యం కింద గురువు పేరుతోపాటు సంగీతం ఎవరిదో కూడా అచ్చువేస్తున్నాం. వేదిక మీద చదువుతున్నాం. ఆ పిల్లవాడు రేపు ఎవరికైనా లేఖ రాసేటప్పుడు చూపించుకోవడానికి అదే మొదటి ఆధారం.

ఆ కుర్రాడు ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాడు. మొన్న ఓ నృత్య గురువుకు బాణీ కట్టి ఇచ్చాడు. పంపేముందు ఫైలులో తన పేరు చేర్చానని మాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.