గుండె స్కాన్‌లో రేడియేషన్: తగ్గించే కిటుకు మీ నాడిలో ఉంది

శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర తలుపు చట్రంలాంటి యంత్రం ఉంటుంది చూశారా, దాన్లోంచి నడవటానికి జంకేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందులో ఎక్స్‌రేలు లేనేలేవు. ఒంటి మీద లోహాన్ని పసిగట్టే అయస్కాంత క్షేత్రం మాత్రమే. ఆ మనిషే, ఏ బాధా లేకపోయినా, “ఎందుకైనా మంచిది” అని హెల్త్ ప్యాకేజీలో గుండెకు సి.టి. స్కాన్ తీయించుకుని వస్తాడు. మరోపక్క, నాలుగు మెట్లెక్కితే గుండె పట్టేసినట్లవుతున్నా “అమ్మో, కేన్సరొస్తుందట” అని డాక్టరు రాసిచ్చిన స్కాన్ మానేసేవాళ్ళున్నారు. ఇద్దరిదీ పొరపాటే. రెండోవారిది ప్రాణాంతకమైన పొరపాటు.

ముందు లెక్క చూద్దాం. రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఏ పరీక్షా లేకుండానే నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. రాజేంద్రనగర్ వైపు కనిపించే గ్రానైట్ గుట్టల్లో కూడా యురేనియం, థోరియం లేశమాత్రంగా ఉంటాయి. విమానంలో అమెరికా వెళ్ళి వస్తే అదనంగా సుమారు 0.1 నుంచి 0.2. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 కన్నా తక్కువే. గుండె రక్తనాళాలు చూసే సి.టి. యాంజియోగ్రాంకు 2007 ప్రాంతంలో సుమారు 12 అయ్యేది. అనేక దేశాల ఆస్పత్రుల్లో 2017లో మళ్ళీ లెక్క తీస్తే అది నాలుగోవంతుకన్నా తగ్గింది. 10 మిల్లీసీవర్టులు తగిలితే రెండువేలమందిలో ఒకరికి ప్రాణం తీసే కేన్సర్ అదనంగా రావచ్చని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. అంచనా. చిన్నదే, కాని సున్నా కాదు. అవసరం లేని మనిషికి ఆ చిన్నది కూడా ఎందుకు?

ఇంతకీ ఎలా తగ్గింది? ఆరాంఘర్ అంటే విశ్రాంతి గృహమని అర్థం. ఆ చౌరస్తాలో బస్సు కోసం నిలబడేవారికి మాత్రం ఆ పేరు నవ్వు తెప్పిస్తుంది! మన గుండెకు కూడా ప్రతి రెండు దెబ్బల మధ్యా ఒక ఆరాం ఉంది. అప్పుడది దాదాపు కదలకుండా ఉంటుంది, బొమ్మ చెదరదు. నాడి నిమిషానికి 60 ఉంటే ఆ విరామం పొడుగు. యంత్రం ఇ.సి.జి. చూసుకుంటూ ఆ క్షణంలో మాత్రమే ఎక్స్‌రే వదిలి, మిగతా సమయమంతా ఆపేస్తుంది. అదే 90 ఉంటే విరామం కుంచించుకుపోతుంది. అప్పుడు చాలా యంత్రాలు దెబ్బ మొదలు నుంచి చివరిదాకా ఎక్స్‌రే వదిలి, బాగున్న బొమ్మను తర్వాత ఏరుకోవాలి. రేడియేషన్ ఎన్నోరెట్లు పెరుగుతుంది. బొమ్మ చెదిరితే మళ్ళీ తీయాలి కూడా. వేగంగా కొట్టుకునే గుండెను పట్టగల కొత్త యంత్రాలు వచ్చిన మాట నిజమే కాని, అవి అన్ని ఊళ్ళలోనూ లేవు.

అంచేత స్కాన్ రోజున కాఫీ, టీ, సిగరెట్ ముట్టకండి. ట్రాఫిక్‌తో పోట్లాడి, లిఫ్టు రాలేదని మెట్లెక్కి, రొప్పుతూ బల్లమీద పడుకోవద్దు. గంట ముందే చేరి కుదురుగా కూర్చోండి. నాడి 65 దాటితే నెమ్మదింపజేసే మాత్ర ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఆ మాత్ర ఆయాసం తెస్తుంది. నాలుక కింద పెట్టే నైట్రేటు మందు కూడా ఇస్తారు కనుక, వయాగ్రాలాంటి మాత్రలు రెండు మూడు రోజుల్లో వాడి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరు చెవిన వేయండి. రెండూ కలిస్తే బి.పి. ప్రమాదకరంగా పడిపోతుంది. పది సెకన్లు ఊపిరి బిగబట్టటం ఇంట్లోనే సాధన చెయ్యండి. గర్భం ఉందని అనుమానమున్నా, కిడ్నీ జబ్బున్నా, ఇంజెక్షన్లు పడకపోయినా దాచవద్దు.

స్కాన్ తీసేవారిని రెండు మాటలు అడగటం మీ హక్కు. “నేను సన్నగా ఉన్నాను కదా, 120 కిలోవోల్టులు అవసరమా, 100 చాలదా?” అనేది ఒకటి. “గుండె వరకే తీస్తారా, ఛాతీ అంతానా?” అనేది రెండోది. బైపాస్ అయినవారికి మాత్రం కాస్త ఎక్కువ మేర తీయక తప్పదు. స్త్రీలు, అందులోనూ వయసు తక్కువవారు, తప్పకుండా అడగాలి. రొమ్ముల్లోని కణజాలం రేడియేషన్‌కు సున్నితం. పాత స్కాన్ ఉంటే సి.డి.తో సహా తీసుకువెళ్ళండి. దానితోనే పని జరిగిపోవచ్చు.

“స్కాన్ అయ్యాక మనవణ్ణి ఎత్తుకోవచ్చా?” అని అడిగే అమ్మమ్మలున్నారు. నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్లే, యంత్రం ఆగాక ఒంట్లో ఎక్స్‌రే మిగలదు.

ఛాతీలో విపరీతమైన నొప్పి, చెమటలు, ఎడమచేతికో దవడకో లాగటం ఉంటే స్కాన్ సెంటర్లు వెతక్కండి. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళి ఇ.సి.జి. తీయించండి. రేడియేషన్ మాట అప్పుడు ఎత్తవద్దు.

స్కాన్ అయినవారి రిపోర్టుతోపాటు డి.ఎల్.పి. అనే అంకె ఉంటుంది. రాసి ఇవ్వకపోతే అడిగి, ఇంట్లో బి.పి., షుగర్ కాగితాలున్న ఫైల్లోనే తేదీతో సహా రాసి పెట్టుకోండి. రేపు ఇంకో డాక్టరు ఇంకో స్కాన్ రాసినప్పుడు ముందుగా ఆ కాగితం ఆయన ముందుంచండి.