తాళంచెవి జైలర్ దగ్గర లేదు

మన సినిమాల్లో ఈ సీను ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. తెల్లవారితే స్నేహితుడికి ఉరి. రాత్రి రెండో జాము. జైలు వార్డరు గోడకి ఆనుకుని కునుకుతుంటాడు, నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది. పక్క గదిలోని ఖైదీ ఊచల్లోంచి మెల్లగా చెయ్యి చాపుతాడు... ఇక హాల్లో ఈలలే ఈలలు!

ఈ మధ్య ఒక శుక్రవారం ఫర్వానియాలో మనవాళ్ల రూములో బిర్యానీ తింటూ టీవీలో ఇలాంటి సీనే చూస్తున్నాం. రాయచోటి వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, నిజంగా ఎవురన్నా ఇట్లా తాళాలు కొట్టేసి స్నేహితుణ్ణి తప్పించినారా? మన కువైట్‌లో అయితే కుదురుతాదా?" అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. పాతికేళ్లకు పైగా ఈ దేశంలో ఉంటున్నాను. జైల్లో పడ్డ మనవాళ్ల కబుర్లు చాలానే విన్నాను. అందుకే ఆ తమ్ముడికి చెప్పదలుచుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

తాళాల కథ నిజంగానే ఒకటుంది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా జైల్లో 1979లో జరిగింది. టిమ్ జెంకిన్ అనే రాజకీయ ఖైదీకి 12 ఏళ్ల శిక్ష. ఆయన గుత్తిని దొంగిలించలేదు, కళ్లతో దొంగిలించాడు! వార్డర్ల నడుముకి వేలాడే తాళంచెవుల పళ్లను రోజూ చూసి గుర్తుపెట్టుకుని, జైలు వడ్రంగి షెడ్డులో దొరికిన చెక్కతో అచ్చం అలాంటివే చేశాడు. ఒక్కో తలుపుకి ఒక్కో చెక్క తాళంచెవి. ఆ ఏడాది డిసెంబర్ 11న ఆయన, స్టీఫెన్ లీ, అలెక్స్ మూంబారిస్ ముగ్గురూ తలుపులన్నీ దాటి వీధిలోకి నడిచి వెళ్లిపోయారు. చివరి తలుపు ఒక్కటే మొండికేస్తే ఉలితో చెక్కారట. వాళ్లు వెళ్తున్నంతసేపూ రాత్రి కాపలావాడి దృష్టి మళ్లించింది డెనిస్ గోల్డ్‌బర్గ్. యావజ్జీవ ఖైదీ అయిన ఆ పెద్దాయన తను మాత్రం లోపలే ఉండిపోయి, 1985లో గానీ విడుదల కాలేదు. దీన్ని 2020లో సినిమా తీశారు. హారీ పోటర్‌గా చేసిన కుర్రాడే అందులో హీరో.

అయితే ఈ కథకి ఇంకో పక్క ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 6న, అదే ప్రిటోరియాలో, వీళ్ల ఉద్యమానికే చెందిన సోలమన్ మహ్లాంగు అనే 22 ఏళ్ల కుర్రాణ్ణి ఉరితీశారు. చెక్క తాళాలు చేయగలిగినవాళ్లు ఉన్న ఊళ్లోనే. ఉరి పడ్డవాడి గది తాళం వేరు, దానికి చెక్క ముక్కలు సరిపోవు.

ఇక మన కువైట్ సంగతి. ఇక్కడ దొంగ తాళంచెవి ప్రయత్నం జరగలేదని అనలేం. చాలా ఘోరంగా జరిగింది. 1983 డిసెంబర్ 12న కువైట్‌లో వరుస బాంబు పేలుళ్లు జరిగాయి. ఆ కేసులో 17 మంది జైలుకెళ్లారు, వాళ్లలో కొందరికి ఉరిశిక్ష పడింది. వాళ్లని విడిపించాలని బయట ఉన్న మిత్రులు, బంధువులు విమానాలు హైజాక్ చేశారు. 1984 డిసెంబర్‌లో ఒకటి, 1988 ఏప్రిల్‌లో ఒకటి, రెండూ కువైట్ ఎయిర్‌వేస్ విమానాలే. రెండోది బ్యాంకాక్ నుంచి కువైట్ వస్తున్న 422వ నంబరు విమానం. పదహారు రోజులు సాగింది, ఇద్దరు ప్రయాణికుల్ని చంపేశారు. అయినా కువైట్ ఒక్క ఖైదీని కూడా వదల్లేదు. చివరికి 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగినప్పుడు, ఆ గందరగోళంలో వాళ్లు బయటపడ్డారు. ఆ రోజుల్లో ఇక్కడుండి, ఎడారి దాటి అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానం ఎక్కి ఇల్లు చేరిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. జైలు తలుపులు అలా తెరుచుకోవడం అంటే ఏమిటో వాళ్లని అడగండి. దేశం మొత్తం కూలితే తెరుచుకున్న తలుపులవి.

అసలు మన తెలుగువాడికి తెలిసిన మొదటి జైలు కథ ఏది? రామదాసు కథ. గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకుంటాం. మరి సాక్షాత్తూ రాములవారికి తాళం పగలగొట్టడం చేతకాదా? కానీ ఆయన ఏం చేశాడు? లక్ష్మణుణ్ణి వెంటబెట్టుకుని రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లి, బాకీ మొత్తం మొహరీల్లో కట్టి, రసీదు తీసుకున్నాడు! ఇది ఐతిహ్యమే గానీ, కువైట్‌లో ఉన్న మనవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే కథ లేదని నా ఉద్దేశం. ఇక్కడ కూడా పని జరిపించేది ఒక కాగితమే.

హత్య కేసులో ఉరి పడితే ఇక్కడ కేసు కింది కోర్టు, ఇస్తిన్నాఫ్, తమ్యీజ్ అని మూడు మెట్లు ఎక్కుతుంది. మూడూ అయ్యాక కూడా దేశాధినేత అమీర్ ఆమోదం లేకుండా ఉరి అమలు కాదు. ఈ మధ్యలోనే ఆ కాగితానికి విలువ. చనిపోయినవాడి వారసులు 'మేము క్షమిస్తున్నాం' అని రాసిచ్చే పత్రం. అరబ్బీలో తనాజుల్ అంటారు. దానికి బదులుగా ఇచ్చే పరిహారం దియా, మన పేపర్లు 'బ్లడ్ మనీ' అని రాస్తాయి. పత్రం రాగానే ఖైదీ ఇంటికి వచ్చేస్తాడని చాలామంది అనుకుంటారు. అలా కాదు. కువైట్‌లో సాధారణంగా జరిగేది ఉరి పోయి యావజ్జీవం కావడం. ప్రాణం దక్కుతుంది, అంతే. ఆ 'అంతే' ఎంత పెద్దదో తల్లిని అడిగితే తెలుస్తుంది.

ఆ కాగితం రావడానికీ రాకపోవడానికీ ఉన్న తేడా ఏమిటో ఫిలిప్పీన్స్ నుంచి పనికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ల కథలు చూస్తే అర్థమవుతుంది. ఇద్దరికీ హత్య కేసుల్లోనే ఉరి పడింది. ఒకామె కోసం 2007 డిసెంబర్‌లో ఆ దేశాధ్యక్షురాలు అర్రోయో స్వయంగా కువైట్ వచ్చి అమీర్‌ని కలిశారు, శిక్ష యావజ్జీవమైంది. రెండో ఆమె కోసం కూడా ఆ ప్రభుత్వం ఏళ్ల తరబడి తిరిగింది. కానీ చనిపోయిన అమ్మాయి కుటుంబం క్షమాపత్రం ఇవ్వలేదు. 2017 జనవరి 25న ఆమెను ఉరితీశారు. ఆ రోజు ఉరి తీసిన ఏడుగురిలో రాజకుటుంబానికి చెందిన ఒకాయన కూడా ఉన్నాడని గుర్తుపెట్టుకోవాలి. 'వాస్తా' ఉంటే ఏదైనా జరుగుతుందని మన రూముల్లో గట్టిగా చెప్పే పెద్దమనుషులు ఈ ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచిస్తే మంచిది.

అదే 2017లో మన దేశానికి రెండు మంచి కబుర్లు వచ్చాయి. సెప్టెంబర్ 30న విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారు ప్రకటించారు. 15 మంది భారతీయుల ఉరిశిక్షల్ని అమీర్ షేక్ సబాహ్ యావజ్జీవంగా మార్చారని, మరో 119 మందికి శిక్ష తగ్గించారని. ఆ రాత్రి మన అసోసియేషన్ వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

రెండోది నాకు మరీ ఇష్టమైనది. తమిళనాడు మనిషి ఒకడు 2013లో జలీబ్‌లో, మనం అబ్బాసియా అనుకునే చోటే, ఒక మలయాళీని చంపిన కేసులో ఉరిశిక్ష పడి ఉన్నాడు. చనిపోయినతనిది కేరళలోని మలప్పురం జిల్లా. ఖైదీ భార్య పేదరాలు. ఆవిడ నేరుగా మలప్పురం వెళ్లి, అక్కడి ముస్లింలు ఎంతో గౌరవించే పాణక్కాడ్ తంగళ్ల ఇంటి తలుపు తట్టింది. చనిపోయినతని కుటుంబం 30 లక్షల పరిహారానికి ఒప్పుకుంది. ఆవిడ అప్పో సొప్పో చేసి సుమారు అయిదు లక్షలు పోగుచేయగలిగింది. మిగతాది మునవ్వర్ అలీ షిహాబ్ తంగళ్ పిలుపుతో మలయాళీలే వేశారు. చంపినవాడు తమిళుడు, చచ్చినవాడు తమవాడు. అయినా వేశారు! క్షమాపత్రం ఢిల్లీ మీదుగా కువైట్ చేరి, ఉరి యావజ్జీవమైంది. 2024 ఏప్రిల్‌లో సౌదీ జైల్లో ఉన్న ఒక కోళికోడ్ డ్రైవరు కోసం అదే మలయాళీలు 34 కోట్లు పోగుచేశారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

మనవాళ్లకి అలాంటి కథ లేదా అంటే ఉంది, కాకపోతే దుబాయ్‌ది. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్లిన అయిదుగురు, ఒక నేపాలీ కాపలాదారు చనిపోయిన కేసులో జైలుకెళ్లారు. వాళ్లకి పడ్డది ఉరి కాదు, పాతికేళ్ల శిక్ష. సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారకరామారావు 2011లో నేపాల్ వెళ్లి ఆ కుటుంబానికి 15 లక్షలు ఇచ్చి క్షమాపత్రం తెచ్చారు. అయినా తలుపు తెరుచుకోవడానికి ఇంకో పన్నెండేళ్లకు పైగా పట్టింది. 2023 చివరి నుంచి 2024 మొదటి నెలల మధ్య ఒక్కొక్కరే ఇళ్లకు చేరారు. ముఖం చూసి ఎవరో పోల్చుకోలేనంత ఎదిగిన పిల్లలు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వచ్చారు.

ఇక మన తమ్ముళ్లు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని గబగబా చెప్పేస్తాను. తోటివాణ్ణి పోలీసులు తీసుకెళ్తే మొదటి ఫోను ఎంబసీకి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి తన దేశపు కాన్సులేట్‌ని సంప్రదించే హక్కుంది. అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టవద్దని అతనికి కబురు అందాలి. ఇక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం, కాబట్టి డబ్బు సంగతి ఊళ్లోనే, నలుగురు పెద్దల సమక్షంలో జరగాలి. ఇంకోటి, మాదకద్రవ్యాల కేసుకి క్షమాపత్రం అనేదే లేదు. రాసిచ్చే కుటుంబమే ఉండదు కదా! ఎయిర్‌పోర్టులో ఎవరో ఇచ్చిన ఊరగాయ పొట్లం తెస్తున్నవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. ఖైదీని మన దేశపు జైలుకి మార్చే ఒప్పందం 2013 నవంబర్‌లో కుదిరింది. మిగిలిన శిక్ష కన్నవాళ్లకి దగ్గరగా అనుభవించే వీలుంది.

ఒకసారి ఈ పని మీద నేనూ వెళ్లాను. ఊరి పేరు చెప్పను, కడప జిల్లానే. రూములో చిన్న మాట మీద గొడవ, ఒకడు పోయాడు, ఒకడు జైల్లో. ఇద్దరూ మనవాళ్లే. కేసు ఇంకా కోర్టులో ఉంది, ఉరి పడుతుందేమోనని అందరికీ దడ. మాట్లాడుకుందామని కూర్చుంటే రూములో ఒకాయన గట్టిగా అడ్డం తిరిగాడు. "చంపినోనికి మనమేంది సామీ సాయం జేసేది? సచ్చిపోయినోడు మనోడు గాదా?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. అయినా సెలవు మీద వెళ్లినప్పుడు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని చనిపోయినవాడి ఇంటికి వెళ్లాను.

వాళ్ల నాయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాకు మజ్జిగ ఇప్పించాడు. మేము వచ్చిన పని పెద్దలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన మధ్యలో ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. అంతా విన్నాక నా వైపు తిరిగి ఒకటే అడిగాడు. "నువ్వు ఆడ్నించి వచ్చినావంట గదా నాయనా. మావోని పెట్టె ఏమాయె? వాళ్లమ్మ దినామూ అడుగుతాంది."

పెట్టె వాడు పనిచేసిన కంపెనీ క్యాంపులోనే ఉంది. జీతం బాకీ కూడా అక్కడే ఉంది. క్షమాపత్రం మాట ఆ రోజు మళ్లీ ఎత్తలేదు. కువైట్ తిరిగొచ్చాక నలుగురం కలిసి క్యాంపు చుట్టూ రెండు నెలలు తిరిగాం. ఇదిగో అదిగో అన్నారు, మందూబ్ లేడన్నారు. ఎంబసీ ద్వారా కాగితం పంపాక రెండున్నర నెలల జీతం, టికెట్ డబ్బు వచ్చాయి. పెట్టెని సెలవు మీద వెళ్తున్న కుర్రాడితో పంపాం. అందులో రెండు చొక్కాలు, చెల్లెలి పెళ్లికని కొన్న గల్ఫ్ చీర, టైగర్ బామ్ డబ్బాలు అరడజను.

ఏడాది తర్వాత ఆ పెద్దాయన నోటరీ ముందు వేలిముద్ర వేశాడు. పరిహారం మాట ఆయన ఎత్తలేదు. పెద్దలే నిర్ణయించి అవతలి వాళ్ల పొలం అమ్మించి ఇప్పించారు. నాకు ఫోన్ చేయించి, "పెట్టె తెచ్చిన పిల్లోడు మల్లా వచ్చినప్పుడు మాయింట్లో అన్నం తిని పొమ్మను" అన్నాడు.