ఎడ్డీ బ్రౌన్ – అరీనా ఫుట్‌బాల్ క్రీడాకారుడు

*ఇదే పేరుతో మరొక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కలడు. 1985లో సిన్సినాటి బెంగాల్స్ జట్టులో చేరి, ఆ సంవత్సరపు ఉత్తమ నూతన ఆటగాడిగా ఎంపికైన ఎడ్డీ బ్రౌన్ వేరు. ఈ వ్యాసం అరీనా ఫుట్‌బాల్ లీగులో ఆడిన ఎడ్డీ బ్రౌన్ గురించి.*

ఎడ్డీ బ్రౌన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన విశ్రాంత అరీనా ఫుట్‌బాల్ క్రీడాకారుడు. "టచ్‌డౌన్" ఎడ్డీ బ్రౌన్ అనే పేరుతో ప్రసిద్ధుడు. 1994 నుండి 2003 వరకు పది సీజన్లపాటు ఒకే జట్టుకు, అనగా మొదట ఆల్బనీలోను, తరువాత ఇండియానాపొలిస్‌లోను ఆడిన ఫైర్‌బర్డ్స్ జట్టుకు వైడ్ రిసీవర్‌గా ఆడాడు. అరీనా ఫుట్‌బాల్ లీగు తన 20వ సీజన్ సందర్భంగా 2006లో ప్రకటించిన 20 మంది మేటి ఆటగాళ్ళ జాబితాలో ఇతడికి ప్రథమ స్థానం లభించింది. ఇంతటి గౌరవం పొందినా, ఆరుబయట ఆడే ప్రధాన లీగైన నేషనల్ ఫుట్‌బాల్ లీగు చరిత్రలో ఇతడి పేరు కనబడదు. ప్రముఖ ఆటగాడు ఆంటోనియో బ్రౌన్ ఇతడి కుమారుడు.

ఆట నేపథ్యం

ఎడ్డీ బ్రౌన్ సాధించినదేమిటో తెలియాలంటే ముందుగా ఈ ఆట స్వరూపం కొంత తెలియాలి. అరీనా ఫుట్‌బాల్ అనగా పైకప్పు గల క్రీడాభవనంలో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. దీనిని రూపొందించినవాడు జిమ్ ఫాస్టర్. 1981లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ పోటీని చూస్తుండగా, అమెరికన్ ఫుట్‌బాల్‌ను కూడా ఇలా లోపల ఎందుకు ఆడరాదు అన్న ఆలోచన ఆయనకు కలిగింది. చేతిలో ఉన్న కవరు మీదనే మైదానం చిత్తుపటం గీసుకున్నాడు. 1986లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో ప్రయోగాత్మకంగా ఒక మ్యాచ్ జరిగింది. 1987లో షికాగో, డెన్వర్, పిట్స్‌బర్గ్, వాషింగ్టన్ అనే నాలుగు జట్లతో లీగు ప్రారంభమైంది.

ఐస్ హాకీ ఆడే చోటనే పచ్చని కృత్రిమ తివాచీ పరచి ఈ ఆట ఆడతారు. అందువల్ల కొలతలన్నీ చిన్నవి. ఆరుబయటి మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 160 అడుగులు కాగా, అరీనా మైదానం పొడవు 50 గజాలు, అనగా సుమారు 46 మీటర్లు. వెడల్పు 85 అడుగులు, అనగా సుమారు 26 మీటర్లు. రెండు కొసలలో ఒక్కొక్కటి సుమారు 8 గజాల గమ్యప్రాంతం ఉంటుంది. బంతితో అక్కడికి చేరితే, లేదా అక్కడే బంతిని పట్టుకుంటే, దానిని టచ్‌డౌన్ అంటారు. దీనికి 6 పాయింట్లు.

ఆరుబయటి ఆటకు, దీనికి గల ప్రధాన భేదాలు ఇవి:

* జట్టుకు 11 మందికి బదులు మైదానంలో 8 మంది మాత్రమే ఉంటారు.
* అంచున గీతకు బదులు మెత్తలు కట్టిన గోడ ఉంటుంది. పరుగెత్తేవాడు ఆ గోడకు తగిలి ఆగవలసినదే.
* గోల్‌స్తంభాలకు రెండు వైపులా ఎత్తైన వలలు బిగించి ఉంటాయి. వలకు తగిలి వెనుకకు వచ్చిన బంతి నేలను తాకేవరకు ఆటలోనే ఉన్నట్లు లెక్క.
* బంతిని తన్ని ప్రత్యర్థికి వదలివేసే పంట్ అనే పద్ధతి లేదు. నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు వెళ్ళాలి, లేదా గోల్‌కు తన్నాలి.
* ప్రతి అర్ధభాగంలోను చివరి నిమిషంలో తప్ప గడియారం సాధారణంగా ఆగదు.

ఇందులో వైడ్ రిసీవర్ స్థానం

క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తుతూ పట్టుకొనేవాడు వైడ్ రిసీవర్. ఆరుబయటి ఆటలో బంతిని చేతపట్టుకొని దూసుకుపోవడానికి, విసరడానికి దాదాపు సమాన ప్రాధాన్యం ఉంటుంది. అరీనాలో పరిగెత్తడానికి చోటు చాలదు కనుక విసరడమే ప్రధానం. దాడిచేసే ఎనిమిది మందిలో ముగ్గురు రిసీవర్లు ఉంటారు. వారిని అడ్డగించడానికి ఎదుటివైపు ముగ్గురు వెనుక రక్షకులు ఉంటారు. కనుక చాలా సందర్భాలలో ఒకరికి ఒకరు ఎదురుపడినట్లే.

రిసీవర్‌కు అనుకూలమైన మరొక నియమం కూడా ఉంది. ఆరుబయటి ఆటలో బంతి కదలక ముందు ఎవరూ ముందుకు పరుగెత్తరాదు. అరీనాలో ఒక రిసీవర్‌కు ఆ అనుమతి ఉంది. అతడు కొన్ని గజాల వెనుకనుండి పరుగు ప్రారంభించి, బంతి కదిలే క్షణానికి పూర్తి వేగంతో గీత దాటుతాడు. అతడిని అడ్డగించవలసినవాడు నిలుచున్న చోటినుండి వెనుకకు పరుగెత్తాలి. ఈ ఒక్క నియమం వల్లనే పాయింట్లు వరదలా వస్తాయి. ఒక్కొక్క జట్టు 50 లేదా 60 పాయింట్లు చేయడం ఈ ఆటలో సర్వసాధారణం.

అనుకూలతలతోపాటు ప్రతికూలతలూ ఉన్నాయి. ఎదురుగా గోడ ఉంది. బంతి మీద దృష్టి ఉంచి పరుగెత్తేవాడికి గోడ ఎంత దూరంలో ఉన్నదో చూడకుండానే తెలిసి ఉండాలి. గమ్యప్రాంతం చిన్నది కనుక, రక్షకుడిని వదిలించుకోవడానికి రెండు మూడు అడుగులకు మించిన అవకాశం ఉండదు. కేవలం వేగం ఉన్నవాడు ఇక్కడ నెగ్గలేడు. హఠాత్తుగా ఆగడం, దిశ మార్చడం, నలుగురి మధ్య బంతిని చేజిక్కించుకోవడం తెలిసినవాడే నెగ్గుతాడు.

ఇరువైపుల ఆట – దానికి మినహాయింపు

2007కు ముందు ఈ లీగులో "ఐరన్‌మ్యాన్" అనే నియమం అమలులో ఉండేది. దాని ప్రకారం అధిక సంఖ్యాకులైన ఆటగాళ్ళు దాడిలోను, రక్షణలోను కూడా ఆడి తీరాలి. బంతి పట్టే రిసీవరే, బంతి చేతులు మారగానే లైన్‌బ్యాకర్‌గానో, వెనుక రక్షకుడిగానో మారవలసి ఉండేది. ఇలా రెండు వైపులా రాణించినవారిలో అగ్రగణ్యుడు ఒర్లాండో ప్రిడేటర్స్, శాన్ హోసే సేబర్‌క్యాట్స్ జట్లకు ఆడిన బ్యారీ వాగ్నర్.

ఈ నియమానికి కొన్ని మినహాయింపులు ఉండేవి. క్వార్టర్‌బ్యాక్, బంతి తన్నేవాడు, కొద్దిమంది రక్షణ నిపుణులు, వారితోపాటు ఒక దాడి నిపుణుడు ఒకవైపు మాత్రమే ఆడవచ్చు. జట్టులో ఆ దాడి నిపుణుడి స్థానం ఒక్కటే. ఆ ఒక్క స్థానం ఎవరికి ఇవ్వాలన్నది శిక్షకుడికి పెద్ద నిర్ణయం. రక్షణలో అతడి సేవను వదులుకుంటున్నారు కనుక, దానికి బదులుగా అతడు టచ్‌డౌన్లు సాధించి తీరాలి. ఎడ్డీ బ్రౌన్ తన క్రీడాజీవితమంతా ఈ స్థానంలోనే ప్రసిద్ధి పొందాడు.

క్రీడాజీవితం

ఎడ్డీ బ్రౌన్ ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ నగరానికి చెందినవాడు. లూసియానా రాష్ట్రం రస్టన్‌లో ఉన్న లూసియానా టెక్ విశ్వవిద్యాలయం తరఫున కళాశాల స్థాయి ఫుట్‌బాల్ ఆడాడు. 1994లో ఆల్బనీ ఫైర్‌బర్డ్స్ జట్టులో చేరాడు.

ఆల్బనీ న్యూయార్క్ రాష్ట్రానికి రాజధాని. న్యూయార్క్ మహానగరంతో పోల్చితే చాలా చిన్నది. ప్రధాన లీగుల జట్లేవీ అక్కడ లేవు. నగరంలో నికర్‌బాకర్ అరీనా 1990లో ప్రారంభం కాగా, అదే సంవత్సరం ఫైర్‌బర్డ్స్ జట్టు ఏర్పడింది. ఇటువంటి నగరాలలోనే అరీనా ఫుట్‌బాల్‌కు నిజమైన ఆదరణ లభించింది. ప్రేక్షకులు మైదానానికి అతి చేరువలో కూర్చుంటారు. గోడ దాటి ప్రేక్షకులలో పడిన బంతిని వారు ఇంటికి తీసుకుపోవచ్చు. ఆటగాడి ముఖం, మాట, చెమట అన్నీ వారికి దగ్గరే. బ్రౌన్ ఆ ఊరికి ఇంటిమనిషి అయినాడు. లీగు ఏటేటా ఇచ్చే అగ్ర పురస్కారాలు 1990వ దశకంలో ఇతడికి ఒకటికి మించి పర్యాయాలు దక్కాయి.

*1999 ఛాంపియన్‌షిప్*

ఫైర్‌బర్డ్స్ చరిత్రలో శిఖరాయమానమైన సంవత్సరం 1999. శిక్షకుడు మైక్ డెయిలీ. క్వార్టర్‌బ్యాక్ మైక్ పావ్‌లావ్‌స్కీ. 13వ అరీనాబౌల్ అనబడే అంతిమ పోటీ ఆ ఏడాది ఆగస్టులో ఆల్బనీలోనే జరిగింది. అప్పటికి ఆ భవనం పేరు పెప్సీ అరీనాగా మారింది. ప్రత్యర్థి అంతకుముందు సంవత్సరపు విజేత అయిన ఒర్లాండో ప్రిడేటర్స్. ఆ జట్టు శిక్షకుడు జే గ్రూడెన్, ప్రధాన ఆటగాడు బ్యారీ వాగ్నర్. ఒకవైపు దాడికే అంకితమైన బ్రౌన్, మరొకవైపు రెండు పాత్రలూ పోషించే వాగ్నర్. అరీనా ఆటలోని రెండు ఆదర్శాలు ఆ రోజు ఎదురెదురుగా నిలిచినట్లయింది. ఆల్బనీ 59-48 తేడాతో గెలిచి తన మొట్టమొదటి ఛాంపియన్‌షిప్ సాధించింది. బ్రౌన్ క్రీడాజీవితంలో కూడా ఇది ఏకైక లీగు విజయం.

*ఇండియానాకు తరలింపు*

విజయం వచ్చినంత మాత్రాన జట్టు ఊరిలో నిలువలేదు. 2000 సీజన్ తరువాత యాజమాన్యం జట్టును ఇండియానాపొలిస్‌కు తరలించింది. 2001 నుండి అది ఇండియానా ఫైర్‌బర్డ్స్ అయింది. బ్రౌన్ కూడా జట్టుతోపాటే వెళ్ళి, 2003 సీజన్ వరకు ఆడాడు. లీగు మ్యాచ్‌లు ఎన్.బి.సి. దూరదర్శన్ సంస్థ ద్వారా దేశమంతటా ప్రసారం కావడం మొదలైన సంవత్సరం కూడా 2003. అనగా ఈ ఆట ఇంటింటికీ చేరే సమయానికి దాని మేటి రిసీవర్ ఆట ముగించాడు. ఇండియానా జట్టు 2004 సీజన్ తరువాత మూతపడింది.

గణాంకాలు – వాటి విలువ

పది సీజన్లలో బ్రౌన్ 12,000 గజాలకు పైగా దూరం బంతి పట్టి సాధించాడు. 300కు పైగా టచ్‌డౌన్ పట్టులు ఇతడి పేరిట నమోదయ్యాయి. ఆ కాలంలో నియమిత సీజన్‌లో జట్టుకు ఏటా 12 నుండి 16 మ్యాచ్‌లు ఉండేవి. ఆ లెక్కన ప్రతి మ్యాచ్‌కు సగటున రెండుకు తక్కువ కాకుండా టచ్‌డౌన్లు పట్టినట్లు. "టచ్‌డౌన్" అన్న బిరుదు ఊరకనే రాలేదు.

ఈ సంఖ్యలను ఆరుబయటి ఆట సంఖ్యలతో నేరుగా పోల్చరాదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగులో ఈ విషయంలో అందరికంటె పైనున్న జెర్రీ రైస్ 20 సీజన్లలో 197 టచ్‌డౌన్ పట్టులు, 22,895 గజాలు సాధించాడు. బ్రౌన్ టచ్‌డౌన్లు ఎక్కువ, గజాలు తక్కువ. మైదానం సగమే కావడం వల్ల ఏర్పడిన తేడా ఇది. గమ్యం దగ్గరగా ఉంటే టచ్‌డౌన్లు పెరుగుతాయి, ఒక్కొక్క పట్టుకు లభించే దూరం తగ్గుతుంది. కనుక బ్రౌన్‌ను రైస్‌తో కాక, అదే మైదానంలో, అవే నియమాలతో ఆడిన తోటివారితో పోల్చి చూడడం న్యాయం. 2006 జాబితా చేసినది అదే.

ఆ జాబితాను గురించి ఒక విషయం గమనించదగినది. అందులో కర్ట్ వార్నర్ కూడా ఉన్నాడు. 1995 నుండి 1997 వరకు అయోవా బార్న్‌స్టార్మర్స్‌కు ఆడిన వార్నర్, తరువాత సెయింట్ లూయిస్ రామ్స్ జట్టుకు 2000 జనవరిలో జరిగిన సూపర్‌బౌల్‌లో విజయం చేకూర్చి ప్రపంచ ప్రసిద్ధుడైనాడు. అరీనా ఆట పేరు విననివారికి కూడా వార్నర్ పేరు తెలుసు. అయినప్పటికీ లీగు అతడికి 12వ స్థానమే ఇచ్చింది. బయట సంపాదించిన కీర్తిని కాక, ఈ మైదానంలో చేసిన పనినే కొలమానంగా తీసుకున్నారని దీనివల్ల తెలుస్తున్నది. ఈ ఆటను పెద్ద లీగుకు మెట్టుగా చూసినవారికి వార్నర్ ఆదర్శం. దీనినే వృత్తిగా స్వీకరించి, దీనిలోనే పరిపూర్ణత సాధించినవారికి బ్రౌన్ ఆదర్శం.

ఈ వృత్తి సులభమైనది కాదు. అరీనా ఆటగాళ్ళ ఆదాయం పెద్ద లీగు ఆటగాళ్ళ ఆదాయంతో పోల్చదగినది కాదు. సీజన్ కొన్ని నెలలే కనుక మిగిలిన కాలంలో చాలామంది వేరే పనులు చేసుకొనేవారు. 2000 సీజన్‌కు ముందు యజమానులకు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య వివాదం ముదిరి, సీజన్ రద్దయ్యే పరిస్థితి వచ్చి, చివరకు ఒప్పందం కుదిరింది.

కుటుంబం

బ్రౌన్ కుమారుడు ఆంటోనియో బ్రౌన్ 1988లో మయామీలో జన్మించాడు. తండ్రివలెనే వైడ్ రిసీవర్. సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఆడిన తరువాత, 2010 ఎంపికలో ఆరవ విడతలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతడిని తీసుకుంది. 2015 సీజన్‌లో 136 పట్టులతో 1,834 గజాలు సాధించాడు. 2021 ఫిబ్రవరిలో టాంపా బే జట్టుతో సూపర్‌బౌల్ గెలిచాడు. తండ్రి ఆడని లీగులో కుమారుడు అగ్రశ్రేణి రిసీవర్ కావడంతో, "ఆంటోనియో తండ్రి" అన్న మాటతో ఎడ్డీ బ్రౌన్ పేరు కొత్త తరానికి పరిచయమైంది.

లీగు తరువాతి చరిత్ర

బ్రౌన్ ఆడిన లీగు ఎక్కువ కాలం నిలువలేదు. ఆర్థిక ఇబ్బందుల వల్ల 2009 సీజన్ రద్దయి, లీగు దివాలా తీసింది. 2010లో కొత్త యాజమాన్యంతో అదే పేరుతో మళ్ళీ ప్రారంభమై, 2019లో తిరిగి దివాలా ప్రకటించింది. ఆ చివరి సీజన్ విజేత కూడా ఆల్బనీ జట్టే. దాని పేరు ఆల్బనీ ఎంపైర్. 2024లో లీగు పేరును, దానితోపాటు ఆల్బనీ ఫైర్‌బర్డ్స్ పేరును మరొకసారి పునరుద్ధరించారు. ఆ లీగు ఒక్క సీజన్‌లోనే చితికిపోగా, 2025లో ఫైర్‌బర్డ్స్ అరీనా ఫుట్‌బాల్ వన్ అనే మరొక లీగులో ఆడింది.

లీగులు మూతపడినప్పుడు ఆటగాళ్ళ చరిత్ర కూడా చెల్లాచెదురవుతుంది. రికార్డులను భద్రపరచే సంస్థ ఉండదు, పాత మ్యాచ్‌లను మళ్ళీ చూపేవారు ఉండరు. ఇరువైపులా ఆడే నియమం 2007లో తొలగిపోయినందువల్ల, జట్టుకు ఒక్కడే దాడి నిపుణుడు అన్న పదవి కూడా దానితోనే ముగిసింది. ఆ పదవిని నిర్వహించినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు ఎడ్డీ బ్రౌన్‌ది.

ఇవి కూడా చూడండి

* అమెరికన్ ఫుట్‌బాల్
* అరీనా ఫుట్‌బాల్
* బ్యారీ వాగ్నర్
* కర్ట్ వార్నర్
* ఆంటోనియో బ్రౌన్