ఇంట్లో పాఠం.. పనిచోట అభ్యాసం
నడివయసులో ఎలక్ట్రీషియన్ కావాలనుకునే వారికి ఏ పత్రం పనికొస్తుంది, ఏది రాదు?

కూకట్‌పల్లి: చదువు మధ్యలో ఆగిపోయి, ఏదో ఒక కొలువులో పది పదిహేనేళ్లు గడిపాక చేతిపని నేర్చుకొని స్థిరపడాలనుకునే వారు కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ, మూసాపేట, నిజాంపేట ప్రాంతాల్లో తరచుగా కనిపిస్తారు. అపార్టుమెంటుకు కాపలా ఉండే వ్యక్తి, దుకాణంలో గుమస్తా, సరకులు బట్వాడా చేసే యువకుడు.. వీరిలో చాలామంది దృష్టి విద్యుత్ పనిపై పడుతుంది. హైటెక్‌సిటీకి దారితీసే ఈ ప్రాంతంలో కొత్త భవనాలకూ, హాస్టళ్లకూ, పాత క్వార్టర్లను పడగొట్టి లేపుతున్న అంతస్తులకూ కొదవ లేదు. పని ఉంది. అయితే ఇంటి బాధ్యతలు మోస్తున్న వారు రెండేళ్లు ఉద్యోగం మానుకొని ఐటీఐ తరగతి గదిలో కూర్చోవడం సాధ్యం కాదు. ఇంట్లోనే చదువుకొని ఎలక్ట్రీషియన్ కావచ్చునా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

సగం వరకు కావచ్చు. ఆ సగం ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకోని వారు డబ్బు చెల్లించి, పనికిరాని కాగితంతో మిగిలిపోతున్నారు.

చట్టం ఏమంటోంది?

విద్యుత్ పని ఎవరు చేయవచ్చు అన్నది ఇంటి యజమాని ఇష్టానికి వదిలిన విషయం కాదు. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి కాలం నుంచీ దీనిపై స్పష్టమైన నిబంధన ఉంది. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, తిరిగి 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు దానిని కొనసాగించాయి. కొత్తగా వైరింగ్ చేయడం, ఉన్నదానిని పెంచడం, మార్చడం వంటి పనులను లైసెన్సు పొందిన కాంట్రాక్టరు మాత్రమే చేపట్టాలి. యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షించాలి. చేసే వ్యక్తికి పర్మిట్ ఉండాలి. మన రాష్ట్రంలో ఈ లైసెన్సులు, పర్మిట్ల వ్యవహారాన్ని ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు చూస్తుంది.

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి మార్చడానికి మినహాయింపు ఉంది. అంటే పాడైన ఫ్యాను తీసి కొత్తది బిగించడానికి పర్మిట్ అక్కరలేదు. స్నానాల గదిలో గీజరు కోసం కొత్త లైను లాగాలంటే మాత్రం కావాలి. తేడా చిన్నదిగా కనిపించినా, ఈ వృత్తిలో నిలకడైన సంపాదన ఉన్నది ఈ రెండో రకం పనిలోనే.

తపాలాలోనో, ఆన్‌లైన్‌లోనో పాఠాలు పంపి చివరికి అందమైన డిప్లొమా ఇచ్చే ప్రయివేటు సంస్థల పత్రాలు ఇక్కడ అక్కరకు రావు. పాఠాలు మంచివే కావచ్చు. కానీ డిప్లొమా అన్న మాట చూసి రుసుము చెల్లించే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ పత్రాన్ని జాతీయ వృత్తి శిక్షణ వ్యవస్థ గుర్తిస్తుందా? సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆగిపోవడం మేలు.

ఉత్తరాల చదువు పుట్టిందే భద్రత కోసం

ఇంటివద్ద చదివి సాంకేతిక వృత్తిలోకి వెళ్లడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో థామస్ ఫోస్టర్ అనే పత్రికా సంపాదకుడు బొగ్గుగని కార్మికుల కోసం తన పత్రికలో ప్రశ్నలు - జవాబుల శీర్షిక నడిపేవారు. గనుల్లో ప్రమాదాలు తగ్గాలన్నది ఆయన ఉద్దేశం. దానికి వచ్చిన ఆదరణతో 1891లో స్క్రాంటన్ పట్టణం నుంచి తపాలా పాఠాలు మొదలయ్యాయి. అదే తరువాత ఇంటర్నేషనల్ కరెస్పాండెన్స్ స్కూల్స్‌గా పేరొందింది. పగలు గనిలో, రాత్రి దీపం ముందు పుస్తకంతో గడిపిన కార్మికులకు అది ఉద్దేశించినది. ఒక పత్రిక శీర్షిక బడిగా మారిన ఉదంతం కనుక పత్రికలవారు దీన్ని కొంత మురిపెంగా చెప్పుకొంటారు.

మన రాష్ట్రానికీ ఇందులో ఘనత ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పాఠశాల స్థాయిలో సార్వత్రిక విద్యా పీఠం (ఓపెన్ స్కూల్) 1991లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది.

కూకట్‌పల్లికి నడివయసు పునఃశిక్షణ అన్న మాట మరో విధంగానూ పరిచితం. పక్కనే బాలానగర్‌లో ఉన్న ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పరిశ్రమగా నమోదైంది. ఆ సంస్థను మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016లో నిర్ణయించింది. ఉపాధి కోల్పోయే కార్మికులకు కొత్త పని నేర్పాలన్న లక్ష్యంతో కేంద్రం 1992లో జాతీయ పునరుద్ధరణ నిధిని, 2001-02 నుంచి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల కోసం సలహా, పునఃశిక్షణ పథకాన్ని నడిపింది. నలభై దాటిన వ్యక్తిని మళ్లీ విద్యార్థిగా కూర్చోబెట్టడం అంత తేలిక కాదని ఈ పారిశ్రామిక వాడకు వేరే చెప్పనక్కరలేదు.

దారి ఎలా?

మొదట చూసుకోవలసింది పదో తరగతి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడుకు గణితం, సైన్సుతో పది ఉత్తీర్ణులై ఉండాలి. వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలు. పది పూర్తికాని వారు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటివద్ద చదివి పరీక్ష రాయవచ్చు. గరిష్ఠ వయసు అడ్డు లేదు. ఈ మెట్టును దాటవేసి పైకి ఎక్కాలనుకునే వారే ఎక్కువగా మోసపోతారు.

రెండోది, రెండేళ్లు తరగతులకు వెళ్లలేని వారికి ఉన్న అసలైన అవకాశం. సంబంధిత పనిలో మూడేళ్ల అనుభవం ఉండి, 21 ఏళ్లు నిండినవారు అఖిల భారత ట్రేడ్ టెస్టును ప్రయివేటు అభ్యర్థిగా రాసే వెసులుబాటు ఉంది. ఉత్తీర్ణులైతే దక్కేది రెగ్యులర్ ఐటీఐ విద్యార్థికి దక్కే జాతీయ ట్రేడ్ ధ్రువపత్రమే. కనుక ఇంటి చదువు, మేస్త్రి దగ్గర మూడేళ్ల పని పక్కపక్కనే సాగాలి. ఇందులో అనుభవ పత్రం కీలకం. అడ్డా మీద నిలబడి రోజుకొకరి వద్ద చేసిన పనికి రుజువు ఉండదు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు వద్ద, కూలి కాస్త తక్కువైనా సరే, పేరు నమోదై పనిచేయడం ఎందుకు మంచిదో దీనిని బట్టి గ్రహించవచ్చు. ట్రేడ్ టెస్టు ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐలో ముందుగానే విచారించుకోవాలి.

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఎలక్ట్రికల్ టెక్నీషియన్ వంటి వృత్తి కోర్సులను దూరవిద్యలో నడుపుతుంది. ఇక్కడ కూడా ప్రయోగాలకు గుర్తింపు పొందిన కేంద్రానికి వెళ్లక తప్పదు. పూర్తిగా ఇంటి నుంచే అన్న మాట విద్యుత్ పనిలో ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా.

కొద్ది నెలలు వీలు చేసుకోగలిగితే హైటెక్స్ సమీపంలోని జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్) కూకట్‌పల్లి వారికి చేరువలో ఉంది. 1998లో ఏర్పడిన ఈ సంస్థ ఇంటి వైరింగులో స్వల్పకాలిక శిక్షణకు పేరుపడింది. చదువు మధ్యలో మానినవారికి, 15 నుంచి 45 ఏళ్ల వయసువారికి జన శిక్షణ సంస్థాన్‌లు ఉన్నాయి. 2015 తరువాత కేంద్ర నైపుణ్య పథకంలో వచ్చిన పూర్వ అనుభవ గుర్తింపు పత్రం ఉద్యోగానికి కొంత తోడ్పడుతుంది. అది ఐటీఐ ధ్రువపత్రానికి ప్రత్యామ్నాయం కాదు.

పుస్తకం ఏం నేర్పుతుంది?

చదవడానికి సామగ్రి కోసం వెతుక్కోవలసిన పని లేదు. ఐటీఐ విద్యార్థుల కోసం చెన్నైలోని జాతీయ బోధన మాధ్యమ సంస్థ (నిమి) ప్రచురించే ఎలక్ట్రీషియన్ థియరీ, ప్రాక్టికల్ పుస్తకాలే ట్రేడ్ టెస్టుకు ఆధారం. కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ నిర్వహించే భారత్ స్కిల్స్ వెబ్‌సైటులో పాఠాలు, ప్రశ్నల నిధి ఉచితంగా లభిస్తాయి. గుర్తింపు లేని కోర్సులకు వేలు పోసే ముందు ఇవి చూడాలి.

మేస్త్రి చెప్పలేనివి కొన్ని పుస్తకం చెబుతుంది. ఒక ఉదాహరణ. కేపీహెచ్‌బీ హాస్టల్లో ఒక అంతస్తులో నాలుగు గీజర్లు, ఒక్కొక్కటి 2 వేల వాట్లు. 2 వేలను 230 వోల్టులతో భాగిస్తే ఒక్కో గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఉదయం ఏడింటికి నాలుగూ ఒకేసారి వేస్తే 35 ఆంపియర్లు. ఇవన్నీ 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఒక్కదానిపైనే నడుస్తుంటే? గోడలోని పైపులో ఆ తీగ క్షేమంగా మోయగలిగేది 20 ఆంపియర్లకు అటూ ఇటూ మాత్రమే. వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. ఎమ్‌సీబీ పదేపదే పడిపోతోందని దాని స్థానంలో పెద్దది బిగించే అలవాటు ఎంత ప్రమాదకరమో ఈ లెక్క తెలిసిన వారికే అర్థమవుతుంది. ఎమ్‌సీబీ ఉన్నది తీగను కాపాడటానికి. పెద్దది బిగిస్తే అది పడిపోదు, తీగ కాలుతుంది.

ఆర్‌సీసీబీ సంగతీ అంతే. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది సరఫరా ఆపేస్తుంది. మనిషి ప్రాణం నిలిపే పరికరం ఇదే. రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లను తెలియక ఎక్కడో ఒకచోట కలిపితే ఏ లోపమూ లేకపోయినా పడిపోతుంటుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఎక్కువగా ఉన్న చిన్న కార్యాలయాల్లో ఒక్కోదాని నుంచి కాస్త కాస్త ఎర్త్‌లోకి జారే కరెంటు కలిసి కూడా దీనిని పడేస్తుంది. కారణం తెలియనివారు విసిగి ఆర్‌సీసీబీనే తీసేస్తారు. సర్క్యూట్లను విడదీయాలని తెలిసినవాడే ఎలక్ట్రీషియన్.

పుస్తకాల్లో హాస్టల్ వైరింగ్ అని ఒక అభ్యాసం ఉంటుంది. ఒక్కసారి ఒక్క దీపమే వెలిగేలా స్విచ్చులు కలపడం దాని సారాంశం. గది గదికీ ఏసీ ఉన్న నేటి కేపీహెచ్‌బీ హాస్టలు చూస్తే ఆ పాఠం రాసినవారు ఏమనుకుంటారో!

పుస్తకం నేర్పలేనిది

టెర్మినల్‌లో మర ఎంత బిగించాలో ఏ పేజీలోనూ దొరకదు. వదులుగా ఉన్న అతుకు వేడెక్కి, నల్లబడి, నిప్పంటుకోవడం ఇళ్లలో విద్యుత్ ప్రమాదాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. గోడకు గాడి కొట్టడం, పైపు వంపులో ఇరుక్కోకుండా స్ప్రింగుతో తీగ లాగడం, తీగ తొడుగు ఒలిచేటప్పుడు రాగి పోగు తెగకుండా చూడటం.. ఇవన్నీ చేతికి రావలసిన విద్యలు. నడివయసు వారికి చూపు, ఓపిక విషయంలో కొంత ఇబ్బంది ఉన్నా, తొందరపాటు తక్కువ కావడం ఈ పనిలో లాభమే.

ఇంట్లో కొంత సాధన చేయవచ్చు. చెక్కపలకపై స్విచ్చులు, హోల్డర్లు బిగించి మెట్లదారి లైటు (రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది) కలపడం తొలి అభ్యాసం. తీగలు కలిపాక నేరుగా సరఫరాకు తగిలించకుండా, మధ్యలో వంద వాట్ల మామూలు బల్బు ఉన్న సిరీస్ బోర్డు ద్వారా ఇవ్వాలి. పొరపాటున షార్ట్ అయితే ఆ బల్బు నిండుగా వెలుగుతుందే తప్ప తీగ కాలదు. అయితే సిరీస్ బల్బు షాకు నుంచి కాపాడదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే, ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే ఈ సాధన చేయాలి. తీగలు మార్చే ప్రతిసారీ ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. స్విచ్చు ఆపడం చాలదు.

సరఫరా లేదని నిర్ధారించుకోవడానికి జేబులోని టెస్టర్‌నే నమ్ముకునేవారు ఎక్కువ. పొడి నేలపై నిలబడ్డా, లోపలి నియాన్ దీపం పాడైనా అది వెలగకపోవచ్చు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట మీటరునో టెస్ట్ ల్యాంపునో పరీక్షించి, తరువాత పని చేయబోయే చోట చూసి, మళ్లీ మొదటి చోట చూడటం సరైన పద్ధతి. మూడేళ్లు వెంట తిరగడానికి మేస్త్రిని ఎంచుకునేటప్పుడు ఆయన ఈ పని చేస్తాడో లేదో గమనించాలి.

ట్రేడ్ ధ్రువపత్రం వచ్చాక పర్మిట్ కోసం లైసెన్సింగ్ బోర్డుకు దరఖాస్తు చేసుకోవాలి. పదో తరగతి మెమో, ఆధార్, అనుభవ పత్రాల్లో పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఒకే విధంగా ఉండేలా ముందే సరిచూసుకోవాలి. పెద్దవయసులో మళ్లీ చదువు మొదలుపెట్టిన వారి విషయంలో ఈ తేడాలు రావడం సర్వసాధారణం. వాటిని సరిదిద్దించుకోవడానికి పట్టే కాలంలో ఒక ట్రేడ్ టెస్టు గడువు దాటిపోవచ్చు.