ఇంట్లోనే టమాట సాస్: ఉప్పు, చక్కెర మన చేతిలోనే

"ఉప్పు తగ్గించండి, చక్కెర తగ్గించండి" అని డాక్టరు చెప్పగానే చాలామంది పచ్చడి, అప్పడం మానేస్తారు. కాని పిల్లల కోసం కొన్న సాస్ సీసా సంగతి గుర్తుకు రాదు. కొనే టమాటా కెచప్ ఒక పెద్ద చెంచాడులో సుమారు ఒక టీ చెంచా చక్కెర, దాదాపు అర గ్రాము ఉప్పు ఉంటాయి. రోజంతటికీ 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఇటలీలో ఇళ్లలో వండే టమాట సాస్ వేరు. అందులో చక్కెర, వెనిగర్ అవసరం లేదు. అమెరికా ఖండం నుండి 16వ శతాబ్దంలో యూరప్ చేరిన టమాటతో చేసిన సాస్, 1690లలో నేపుల్స్‌లో అంటోనియో లాటిని అచ్చు వేయించిన వంట పుస్తకంలో కనిపిస్తుంది. చలికాలంలో ఖానాపూర్ అంగడిలో టమాట చవకైనప్పుడు మనమూ చేసుకోవచ్చు.

కావలసినవి (ఆరుగురికి)

బాగా పండిన టమాటలు 1 కిలో (కండ ఎక్కువ, గింజ తక్కువ ఉన్నవి మంచివి), వెల్లుల్లి రెబ్బలు 5, నూనె 3 పెద్ద చెంచాలు, ఉప్పు అర టీ చెంచా. ఇటలీలో ఆలివ్ నూనె వాడతారు. మనకు పల్లినూనె చాలు.

చేసే విధానం

టమాటల అడుగున కత్తితో గాటు పెట్టి, మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి చన్నీళ్లలో వేయండి. తొక్క సులువుగా వస్తుంది. తర్వాత చేత్తో చిదమండి. స్టీలు గిన్నెలో నూనె వేసి, చిదిపిన వెల్లుల్లిని సన్నని మంటపై మాడకుండా వేయించండి. టమాట, ఉప్పు వేసి, అడుగంటకుండా కలుపుతూ 30-40 నిమిషాలు ఉడికించండి. సగానికి తగ్గి, అంచుల్లో నూనె తేలితే సాస్ సిద్ధం. టమాట పులుపు అల్యూమినియంతో కలుస్తుంది కనుక ఆ గిన్నె వద్దు.

ఇటలీలో చివర బేసిల్ ఆకులు వేస్తారు. మనం వేసవిలో నానబెట్టి తాగే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే. ఆకు దొరకకుంటే కొత్తిమీర వేయండి.

ఇలా చేస్తే ఒక్కొక్కరికి నాలుగైదు పెద్ద చెంచాల సాస్ వస్తుంది. అందులో కలిపిన ఉప్పు అర గ్రాము మాత్రమే. టమాటకు ఎరుపునిచ్చే లైకోపీన్ నూనెతో ఉడికినప్పుడు ఒంటికి బాగా పడుతుంది. మాకరోనీతోనే కాదు, జొన్నరొట్టెతోనూ, ఉడికించిన గుడ్డుతోనూ బాగుంటుంది.

జాగ్రత్తలు

సీసాలో పోసి బయట నిల్వ చేయకండి. రుచి, వాసన మారకుండానే విషం పుట్టవచ్చు. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఉంటుంది. ఫ్రిజ్ లేనివారు ఆ రోజుకు సరిపడా వండుకోండి. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్న వారు డాక్టరును అడిగి తినండి. ఛాతీలో మంట ఉన్నవారు కొద్దిగానే తినండి.